గుండె లయకు మందులా, అబ్లేషనా: సంతకానికి ముందే తెలుగులో చెప్పాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. "ఒక్కసారి అబ్లేషన్ చేయించుకుంటే మందులన్నీ మానేయొచ్చు" అనే మాట మన హైదరాబాద్ ఆసుపత్రుల కౌన్సెలింగ్ గదుల్లో ఈమధ్య ధారాళంగా వినిపిస్తోంది. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు, డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనేది, ఉన్నవాళ్లకు చెప్పే మాట ఇది. అబ్లేషన్ అంటే సన్నటి తీగలు గుండెలోకి పంపి లయను సరిచేసే ప్రొసీజర్. ఇందులో కొంత నిజం ఉంది. చెప్పకుండా వదిలేస్తున్న మిగతా భాగం గురించే ఈ లేఖ.

మా వారికి అరవై దాటాయి. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. లయ తప్పి నెలలు గడిచినా దారికి రాలేదు, మెట్లెక్కితే ఆయాసం. పేరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. డాక్టరు గారి తప్పేమీ లేదు, బయట ఓపీ జనం తలుపు దాకా నిలబడి ఉంటే ఆయన మాత్రం ఎంతసేపని మాట్లాడతారు? అసలు మాటలన్నీ కింద బిల్లింగ్ పక్క గదిలోనే నడిచాయి. కౌన్సెలర్ అమ్మాయి కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని సింగిల్ రూమా, షేరింగా, ఇన్సూరెన్స్ ఉందా అని అడిగింది. నెలాఖరులోపు అడ్మిట్ అయితే ప్యాకేజీలో తగ్గిస్తారట. రిస్క్ ఏముంటుందని నేనడిగితే, "టెన్షన్ పడకండి ఆంటీ, రెండో రోజే డిశ్చార్జ్" అంది. చేతికిచ్చిన అంగీకార పత్రం మొత్తం ఇంగ్లీషులో, చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ఉంచారు.

ఈ జబ్బులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతున్నట్టు కదులుతాయి. దాంతో ఎడమ పై గదికి ఆనుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. మామూలు వాళ్లతో పోలిస్తే వీళ్లకు ఆ ముప్పు దాదాపు ఐదు రెట్లు. రక్తం పలచన చేసే మందు ఇచ్చేది అందుకే, లయను సరిచేయడానికి కాదు. అది ఎవరికి అవసరమో వయసు, బీపీ, షుగర్, గతంలో పక్షవాతం వచ్చిందా లాంటివి చూసి తేలుస్తారు. అబ్లేషన్‌తో లయ కుదిరినంత మాత్రాన మా వారి వయసు తగ్గదు, షుగర్ పోదు. కాబట్టి ప్రొసీజర్ తర్వాత రెండు మూడు నెలలు అందరూ ఆ మందు వాడాల్సిందే, ముప్పు ఎక్కువున్న వాళ్లకైతే ఆ తర్వాత కూడా మామూలుగా కొనసాగిస్తారు. ఈ ఒక్క సంగతి తెలియక, మాత్రల పీడ వదులుతుందని లక్షలు అప్పు చేసే కుటుంబాలు ఉంటాయనేదే నా బాధ.

అబ్లేషన్ వద్దని కాదు. తొడ దగ్గరి సిర గుండా సన్నటి తీగలు పంపి, ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల చుట్టూ వేడితోనో అతి చల్లదనంతోనో మచ్చలు కట్టించి, అక్కడ పుట్టే తప్పుడు సంకేతాలు గుండెలోకి రాకుండా చేస్తారు. ఆ సంకేతాలు ఎక్కువగా అక్కడే పుడుతున్నాయని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 1998లో ప్రచురించాకే ఈ దారి తెరుచుకుంది. వచ్చి పోయే రకానికి ఇది బాగా పనిచేస్తుంది. వారం దాటి తిష్ఠ వేసిన రకానికి ఫలితం అంతగా ఉండదు, రెండోసారి చేయాల్సి రావచ్చు. గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం లాంటి ప్రమాదాలు తక్కువే అయినా లేవని కాదు.

మందులేమీ అమాయకమైనవి కావు. లయ కోసం ఇచ్చే అమియోడరోన్ థైరాయిడ్‌నీ, ఊపిరితిత్తులనీ దెబ్బతీయగలదు. రక్తం పలచన చేసే పాత మందు ఎసిట్రోమ్ వేసుకునేవాళ్లు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి, ఒకరోజు పాలకూర దండిగా తిని మర్నాడు మానేస్తే లెక్క తప్పుతుంది. రక్తం పలచన చేసే కొత్త మందులకు ఆ బెడద లేదు గానీ, గుండెలో లోహపు వాల్వు ఉన్నవాళ్లకు అవి పనికిరావు.

మరి ఏది మేలు? 2019లో వెలువడిన కబానా అధ్యయనంలో 2,200 మందికి పైగా రోగులను చూశారు. మరణం, తీవ్ర పక్షవాతం లాంటివన్నీ కలిపి లెక్కేస్తే, అబ్లేషన్‌కు పంపినవాళ్లకూ మందుల మీద ఉంచినవాళ్లకూ స్పష్టమైన తేడా తేలలేదు. దడ, ఆయాసం మాత్రం అబ్లేషన్‌తో బాగా తగ్గాయి. గుండె పంపింగ్ పడిపోయిన వాళ్లకు ఇంకా మేలు జరుగుతుందని 2018లో మరో అధ్యయనం చూపింది. కాబట్టి మందులు వాడినా ఆయాసం వదలని వాళ్లూ, పంపింగ్ తగ్గిన వాళ్లూ అబ్లేషన్ గురించి తాత్సారం చేయకూడదు. పెద్దగా బాధ లేనివాళ్లు వేగాన్ని అదుపులో పెట్టే మాత్ర, రక్తం పలచన చేసే మాత్ర వేసుకుంటూ ఉండిపోతే అది నాసిరకం వైద్యమేమీ కాదు. మా వారి విషయంలో ఎకో, అంటే గుండె స్కానింగ్, చూశాక ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకుంటున్నాం. నెలాఖరు ఆఫర్ ఎలాగూ పోయింది, పోనివ్వండి!

చికిత్స లాభనష్టాలతో పాటు ప్రత్యామ్నాయాలు కూడా చెప్పి తీసుకున్నదే అంగీకారమని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద పెట్టించుకున్న సంతకం అలాంటిదెలా అవుతుంది? అత్యవసరం కాని గుండె ప్రొసీజర్లకు డబ్బు మాట ఎత్తకముందే ఒక పేజీ సమాచారం తెలుగులో, మన నగరం కాబట్టి ఉర్దూలో కూడా, ఇంటికి ఇచ్చి పంపాలని రాష్ట్ర వైద్యారోగ్య శాఖ ఆదేశించాలి. ఆ పేజీ రాయడానికి నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల కార్డియాలజీ విభాగాలు చాలు. మళ్లీ చేయాల్సి వస్తే ఖర్చెంత, ఏ మందులు ఎంతకాలం ఆపకూడదు అన్నవి అందులో డాక్టరు తన చేతిరాతతో నింపాలి. స్టెంట్లకు 2017లో గరిష్ఠ ధర పెట్టిన కేంద్రం అబ్లేషన్ తీగల ధరల మీద కూడా ఒక కన్నేయాలి. ఎసిట్రోమ్ వాడే పేదవాళ్లకు ఐఎన్‌ఆర్ పరీక్ష ప్రతి బస్తీ దవాఖానాలోనూ ఆటంకం లేకుండా అందేలా చూడాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్