ఉల్లివేరు స్లైడు మీదికి ఎక్కేదెప్పుడు?

సంపాదకులకు,

ఇంటర్ బైపీసీ రెండో ఏడాదిలో వృక్షశాస్త్రానికి 30, జంతుశాస్త్రానికి 30 మార్కులు ప్రాక్టికల్స్‌వి. అయినా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలాచోట్ల ల్యాబు తాళం తీసేది పరీక్షల ముందే. అప్పటికే సీనియర్ల రికార్డులు చూసి బొమ్మలు గీయడం అయిపోయి ఉంటుంది.

పీరియడ్ కుదరదనేది సాకే. కణవిభజననే తీసుకోండి. ఉల్లిగడ్డ అడుగున ఎండిన వేర్లను బ్లేడుతో గీకేసి, నీళ్ల గ్లాసు మూతి మీద అడుగు మాత్రమే తడిసేలా నిలబెడితే నాలుగైదు రోజుల్లో 2, 3 సెంటీమీటర్ల కొత్త వేర్లు వస్తాయి. పొద్దున 8, 10 గంటల మధ్య కొసలు కోసి, ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాలు కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచాలి. ఆనక 70 శాతం ఆల్కహాలులోకి మారిస్తే చెడిపోవు. ప్రాక్టికల్ పీరియడ్ మధ్యాహ్నం పడినా ఇబ్బంది లేదు.

ఎక్కువగా చెడేది కోత దగ్గరే. విభజన జరిగేది చివరి 2, 3 మిల్లీమీటర్లలో. పొడవాటి ముక్క పెడితే సాగిన కణాలు తప్ప ఏమీ కనబడవు. ఎసిటోకార్మిన్ అనే ఎర్రరంగు పట్టాక కొస ముదురెరుపుగా తేలుతుంది, దాన్నే ఉంచుకొని తక్కింది తీసేయాలి. స్లైడును స్పిరిట్ ల్యాంపు మీద వెచ్చబెట్టాలే గానీ మరగనివ్వొద్దు. పైన కప్పిన పల్చటి గాజుపలక (కవర్‌స్లిప్) మీద వడపోత కాగితం వేసి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. వేలు పక్కకు జారిందా, కణాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుపోతాయి.

సూక్ష్మదర్శినిలో ముందు 10 ఎక్స్ కటకంతో వెతికి, తర్వాతే 45 ఎక్స్‌కు తిప్పాలి. కనిపించే కణాల్లో ఎక్కువ భాగం అంతర్దశలోనే, అంటే రెండు విభజనల మధ్య దశలోనే ఉంటాయి. పుస్తకంలో విభజన నాలుగు దశలూ పక్కపక్కన, సమానంగా అచ్చువేస్తారు గనుక పిల్లలు స్లైడు పాడైందనుకుంటారు. కణచక్రంలో ఎక్కువ కాలం గడిచేది ఆ దశలోనేనని అర్థమయ్యేది ఇక్కడే. నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే కదా అని పొద్దస్తమానం బిట్లు రుద్దించే కాలేజీలకు ఇది కూడా నీట్ చదువేనని ఎవరు చెప్పాలి?

జిల్లా ఇంటర్ విద్యాధికారులు ఆగస్టు నుంచే వారానికో ల్యాబు పీరియడ్ టైంటేబుల్‌లో వేయించాలి. తనిఖీకి వచ్చినప్పుడు రికార్డులు తిరగేసే బదులు, ఎవరో ఒక విద్యార్థికి వేరుకొస ఇచ్చి స్లైడు చేయమనాలి.

- వృక్షశాస్త్ర అధ్యాపకులు, దేవరకొండ