పిల్లల్ని అడగనివ్వండి

దేవుడి గురించో, గ్రహణం గురించో పిల్లలు ఏదైనా అడిగితే కసిరి కూర్చోబెట్టే అలవాటు మన కోనసీమ ఇళ్లలో ఇంకా పోలేదు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి చంద్రుడు 82 నిమిషాలు పూర్తిగా భూమి నీడలో ఉన్నాడు. చంద్రగ్రహణాన్ని నేరుగా చూసినా కళ్లకు ఏ ప్రమాదమూ లేదు. అయినా మా వీధిలో పిల్లల్ని తలుపులేసి పడుకోబెట్టారు. మా మనవరాలిని నేను డాబా మీదికి తీసుకెళ్లాను. అంతా చూసి, కిందికొచ్చి, వాళ్ల నాయనమ్మతో పాటు విడుపు స్నానం చేసింది. ఆ రెండింటికీ పేచీ ఉందని దానికి అనిపించనే లేదు. మా కాలువ గట్టున గుడి, చర్చి, మసీదు కూతవేటు దూరంలోనే ఉన్నాయి, కానీ స్నేహితురాలి వెంట క్రిస్మస్‌కి వెళ్తానంటే పెద్దవాళ్లకే టెన్షన్. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని 1976లోనే రాజ్యాంగంలో 51ఎ అధికరణంగా చేర్చారు. బడుల్లో నెలకో శనివారం ఒక గంట పిల్లల ప్రశ్నలకే కేటాయించాలి. సైన్సు మాస్టారితో పాటు ఊళ్లోని పూజారిని, పాస్టరుని, ఇమాముని, ఏ దేవుణ్ణీ నమ్మనివారిని కూడా పిలవాలి. ఎవరూ తమ మతంలోకి రమ్మనకూడదు, ఎదుటివారి నమ్మకాన్ని వెక్కిరించకూడదు, తెలియనిది తెలియదని పిల్లల ముందే ఒప్పుకోవాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం