కొండలెక్కే బదులు ఆ డబ్బే ఇచ్చేయొచ్చుగా అనేవాళ్ళకి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న జూన్‌లో ఇక్కడి ఒక హాస్పిస్ కోసం విరాళాలు పోగుచేస్తూ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ త్రీ పీక్స్ అనే మూడు కొండలూ ఒక్కదాన్నే నడిచాను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మదనపల్లెలో మావాళ్ళదీ, ఇక్కడ లీడ్స్‌లో తెలిసిన తెలుగువాళ్ళదీ ఒకటే ప్రశ్న. మా చిన్నాన్న అయితే ఫోన్‌లో సూటిగా అడిగేశాడు: "ఏం పాపా, ఆ డబ్బేదో నువ్వే కట్టేస్తే పోయేది గదా, కొండలెక్కి కాళ్ళు నొప్పులు తెచ్చుకునేది ఎందుకు?" అడగాల్సిన ప్రశ్నే అది. చాలామంది మనసులో ఉన్నదే ఆయన పైకి అన్నాడు, అందుకే జవాబు ఆయనకొక్కడికే చెప్పి ఊరుకోకుండా మీకు రాస్తున్నాను.

ముందు హాస్పిస్ అంటే ఏంటో చెప్పాలి. ఇక నయం కాదని తేలిన జబ్బుతో ఉన్నవాళ్ళకి నొప్పి తెలియకుండా, ఊపిరాడక అవస్థ పడకుండా, ఇంట్లోవాళ్ళు పక్కనే ఉండేలా చూసుకునే చోటు అది. బ్రిటన్‌లో రోగి దగ్గర పైసా తీసుకోరు. అయితే ఖర్చులో కొంత భాగమే ప్రభుత్వం నుంచి వస్తుంది, మిగతాదంతా విరాళాలతో, చారిటీ షాపుల అమ్మకాలతో, ఇలాంటి నడకలతో నెట్టుకురావాల్సిందే. నేను ఒక్కదాన్నే ఇస్తే ఒక జీతంలోంచి ఎంత వస్తుందో అంతే. నడుస్తున్నానని చెప్పేసరికి ఆఫీసులో అప్పటిదాకా హలో తప్ప ఇంకో మాట మాట్లాడనివాళ్ళు కూడా ఐదో పదో వేశారు. ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళు 10 పౌండ్లు ఇస్తూ గిఫ్ట్ ఎయిడ్ దగ్గర టిక్ పెడితే ప్రభుత్వం ఇంకో 2.50 కలుపుతుంది, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు దయచేసి ఆ టిక్ మర్చిపోకండి.

డబ్బు ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

త్రీ పీక్స్ అంటే పెన్-ఇ-గెంట్, వెర్న్‌సైడ్, ఇంగిల్‌బరో అనే మూడు కొండలు. మూడూ ఎక్కి దిగి బయల్దేరిన చోటికి వచ్చేసరికి దాదాపు 39 కిలోమీటర్లు, పన్నెండు గంటల్లోపు ముగించాలని ఆనవాయితీ. మొదటి కొండ దిగి చాలాసేపు నడిచాక రిబుల్‌హెడ్ వస్తుంది. 1870లలో కట్టిన 24 కమానుల రైలు వంతెన అక్కడుంది, బురద నేల మధ్యలో మనిషిని చీమలా చేసి నిలబడి ఉంటుంది. దాని కింద గాలికి మూత ఎగిరిపోకుండా మోచేత్తో నొక్కిపెట్టి పులిహోర తింటుంటే ఒక పెద్దాయన నా టీషర్టు మీద హాస్పిస్ పేరు చదివి ఆగాడు. ఆయన భార్య ఆఖరి రోజులు అక్కడే గడిచాయట. చివరిదాకా ఆమె స్పృహలో ఉందనీ, కుక్కని కూడా మంచం దగ్గరికి రానిచ్చారనీ, ఇద్దరూ కలిసి టీవీలో క్రికెట్ చూశారనీ చెప్పుకుంటూ వెళ్ళాడు. నేనేమీ అడగలేదు. పోతూ పోతూ మడత పెట్టిన ఒక నోటు నా చేతిలో పెట్టాడు. ఇంట్లో కూర్చుని కార్డు నంబరు కొట్టి డబ్బు పంపితే ఈయన నాకెలా తగిలేవాడు? చావు గురించి ఎవరూ కదపని మాటలు ఆ టీషర్టు చూసి దారి పొడవునా కదిపారు. చిన్నాన్నకి నా జవాబు ఇదే.

ఇంకో ప్రశ్న అమ్మది. ఒక్కదానివే ఎందుకు వెళ్ళావు? ఆవిడ టెన్షన్‌కి కారణం ఉంది. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర ఆంధ్రప్రదేశ్ నుంచి చదువుకోడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు నీళ్ళలో పడి చనిపోయిన వార్త మీ పాఠకులకీ గుర్తుండే ఉంటుంది. ఇక్కడి కొండల ఎత్తు చూసి మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. మూడింట్లో పెద్దది వెర్న్‌సైడ్ 736 మీటర్లు, మా హార్స్‌లీ హిల్స్ 1,265. పెన్-ఇ-గెంట్ 694 అయితే మా మదనపల్లె ఊరే ఇంచుమించు ఆ ఎత్తున ఉంది. కానీ ఇది ఉత్తరాన, సముద్రపు గాలి నేరుగా తగిలే చోటు. కింద ఎండ కాస్తుంటే పైన మబ్బు కమ్మి పది అడుగుల అవతల ఏముందో కనపడదు. ఇంగిల్‌బరో పైన బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ పొగమంచు కమ్మితే ఏ వైపు దిగాలో తెలియక జనం దారి తప్పుతారు.

కాబట్టి ఒక్కరే వెళ్ళొచ్చు, ఎవరికీ చెప్పకుండా మాత్రం వెళ్ళొద్దు. ఏ దారిన పోతున్నానో, ఎన్నింటికి దిగుతానో రాసి రూమ్మేట్‌కి ఇచ్చాను. ఆ టైముకి ఫోన్ రాకపోతే ఏం చేయాలో కూడా రాశాను: ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి చేసి పోలీసుని అడగాలి, వాళ్ళకి మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో చిక్కుకున్నవాళ్ళని కాపాడే దళం) కావాలని చెప్పాలి. సిగ్నల్ పోతే పనికొచ్చేది విజిలే, నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి, బ్రిటన్ కొండల్లో సాయం కావాలని చెప్పే సంకేతం ఇదే. కాగితం మ్యాపు, వాన కోటు, టార్చి, ఇంకో పొర ఉన్ని బట్ట, ఇవి లేకుండా జూన్‌లో కూడా అడుగు పెట్టొద్దు. ఆ ప్రాంతంలో సాయానికి వచ్చేది క్లాపమ్ ఊరి కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్, 1935 నుంచీ ఉంది. వచ్చేవాళ్ళు ప్లంబర్లు, టీచర్లు, రైతులు, జీతం లేని వాలంటీర్లు, మన దగ్గర ఒక్క రూపాయి అడగరు. వాళ్ళూ విరాళాల మీదే బతుకుతున్నారు, అందుకే త్రీ పీక్స్ నడిచే ప్రతి ఒక్కరూ తాము పోగుచేసే చారిటీకి ఇచ్చాక వీళ్ళకీ కొంత వేయాలని నా గట్టి అభిప్రాయం. చాలామంది ఈ నడక మొదలుపెట్టే హోర్టన్ చిన్న ఊరు, ఏటా వేలమంది అక్కడ బళ్ళు పెట్టి నడిచిపోతారు, వీలైతే లీడ్స్ నుంచి రైల్లో వెళ్ళండి, టీ అక్కడే తాగండి.

ఇదంతా సీమ దొరల సరదా అంటారేమో. మనం మాత్రం నడవట్లేదా? అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాం, ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా తిరుగుతాం, మా అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే మొక్కు తీర్చుకుంది. నాకోసం, నా పిల్లల కోసం నడిచే మనకి పక్కింటాయన నొప్పి కోసం నడవడం కొత్తగా నేర్పాల్సిన పనేం కాదు. అలా నడవాల్సిన అవసరం మన దగ్గర ఇక్కడికన్నా ఎక్కువ. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే వైద్యం ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూసుకుంటోంది. కానీ మా మామయ్యకి క్యాన్సర్ ముదిరినప్పుడు ఒక పెద్ద ఆస్పత్రి "ఇక ఇంటికి తీసుకెళ్ళండి" అని పంపేసింది తప్ప, ఎక్కడికి తీసుకెళ్తే ఆయన అరుపులు తగ్గుతాయో ఒక్కరూ చెప్పలేదు. ఇలాంటి చోట్లున్నాయని ఆయన పోయిన చాలా రోజులకి, ఇక్కడికొచ్చాకే మాకు తెలిసింది.

అందుకని మీకో విన్నపం. మీ జిల్లా పేజీల్లో పాలియేటివ్ కేర్, అంటే ఇలా నొప్పి, బాధ తగ్గించే వైద్యం, ఎక్కడెక్కడ దొరుకుతుందో, ఏ ప్రభుత్వాస్పత్రిలో ఏ రోజు చూస్తారో, నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు ఎక్కడ ఇస్తారో ఫోన్ నంబర్లతో సహా వేయండి. ఒక్కసారి వేసి వదిలేయకుండా నెలకోసారైనా వేయండి. రాయలసీమ ఎడిషన్‌లో ముందు వేస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
లీడ్స్, ఇంగ్లండ్ (స్వస్థలం మదనపల్లె)