దగ్గు, ఆయాసం అంటే టీబీ, ఆస్తమా ఈ రెండేనా?

సంపాదకులకు నమస్కారం.

పొడిదగ్గు నెలల తరబడి తగ్గట్లేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది అని వెళ్తే మన దగ్గర ముందుగా వినిపించేది ఆస్తమా, అది కాదంటే టీబీ, కాస్త వయసు మళ్లినవాళ్లయితే గుండె. ఈ మూడూ కాకపోతే ఇంకేంటి అని అడిగేసరికి చాలా ఆలస్యమైపోతోంది. అందుకే ఈ ఉత్తరం.

ఐఎల్‌డీ అని ఉంటుంది, ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్. ఒక్క జబ్బు కాదు, రెండు వందలకు పైగా జబ్బుల గుంపు. ఊపిరితిత్తుల్లో గాలి గదుల మధ్య ఉండే పల్చటి పొరలు వాచిపోతాయి, కొందరిలో మచ్చలు కట్టి గట్టిపడతాయి. అప్పుడు ఊపిరితిత్తి సరిగ్గా సాగదు, పీల్చిన ఆక్సిజన్ రక్తంలోకి తగినంత దిగదు. ఇక్కడ సమస్య గాలి గొట్టాలు బిగుసుకుపోవడం కాదు కాబట్టి ఇన్‌హేలర్లు ఎన్ని మార్చినా చాలామందికి పెద్దగా తేడా ఉండదు.

మా పెద్దమ్మకి సరిగ్గా ఇదే జరిగింది. ముందు ఎలర్జీ అన్నారు, తర్వాత ఇన్‌హేలర్ ఇచ్చారు, ఆ తర్వాత ఎక్స్‌రేలో కింది భాగంలో నీడలు ఉన్నాయని టీబీ కోర్సు మొదలుపెట్టారు. తెమడ పరీక్షలో ఏమీ రాలేదు, అసలు ఆమెకి తెమడే సరిగ్గా పడేది కాదు. అయినా "వాడి చూద్దాం" అన్నారు. ఆ మాత్రలకి అన్నం సహించక, వాంతులతో మనిషి చిక్కి సగమైంది గానీ ఆయాసం మాత్రం పెరుగుతూనే ఉంది. అన్నాళ్లలో ఒక్కరు కూడా హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తులను సన్నని పొరలుగా స్పష్టంగా చూపించే సీటీ స్కాన్, రాయలేదు. రాసి ఉంటే ఇది ఐఎల్‌డీ అన్న ముక్క అప్పుడే తేలేది.

ఇది చదివి ఎవరూ టీబీ మందులు సొంతంగా ఆపేయొద్దు. టీబీ మన దగ్గర నిజంగానే ఎక్కువ, తెమడలో క్రిమి దొరక్కపోయినా ఒక్కోసారి టీబీ ఉంటుంది, మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. నేను చెప్పేది వేరు. తెమడలో టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ లాంటి పరీక్షలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు, అవి చేయించారా, ఏ ఆధారంతో టీబీ అంటున్నారు అని అడగండి. మందులు వాడుతున్నా మనిషి తేరుకోకపోతే, కోర్సు అయ్యేదాకా ఎదురుచూడకుండా ఇంకో డాక్టరుకి చూపించండి.

చివరికి హైదరాబాద్‌లో పెద్దమ్మను చూసిన డాక్టరు చేసిన పని చెప్తాను, ఎందుకంటే అసలు తేడా అక్కడే ఉంది. ఆయన స్టెతస్కోప్ ముందు వీపు కింది భాగంలో పెట్టారు. బూట్ల మీద ఉండే అతుకు పట్టీని పట్టి లాగితే ఎలా చరచరమంటుందో, ఊపిరి పీల్చినప్పుడు అలాంటి చప్పుడు వస్తోందట. తర్వాత చేతి గోళ్లు ఉబ్బాయేమోనని చూశారు. ఆ తర్వాత వేలికి ఆక్సీమీటర్ పెట్టి వరండాలో నడిపించారు. కూర్చున్నప్పుడు 96 శాతం ఉన్న ఆక్సిజన్ నడిచొచ్చేసరికి 86కి పడిపోయింది. అప్పటిదాకా ప్రతిచోటా కూర్చోబెట్టి చూసి "ఆక్సిజన్ బాగానే ఉందమ్మా" అని పంపేసినవాళ్లే.

ఇక జబ్బుకి కారణం ఏమై ఉంటుందో పట్టుకోడానికి ఆయన అడిగిన ప్రశ్నలు. "అమ్మా, ఇంట్లో పావురాలు గానీ కోళ్లు గానీ ఉన్నాయా? కూలర్ ఉందా? దాని గడ్డి ఎప్పుడు మార్చారు? ఏం పని చేసేవారు? కీళ్ల నొప్పులు ఉన్నాయా? చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారతాయా? మూత్రంలో మంటకి ఏమైనా మాత్రలు చాలాకాలం వాడారా?" ఖమ్మం ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, వేసవంతా ఆమె మంచం కూలర్ ముందే. ఆ గడ్డి నల్లగా బూజు పట్టి ఉంది. స్కాన్, మిగతా పరీక్షలు అన్నీ కలిపి చూశాక హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని తేల్చారు. బూజు, పక్షుల రెట్టలు, ఈకల ధూళి లాంటివి రోజూ పీల్చడం వల్ల కొందరి ఊపిరితిత్తులకి వచ్చే వాపు ఇది.

ఇదేదో అరుదైన సంగతి అనుకోకండి. 2017లో వచ్చిన ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీలో మన దేశంలోని 19 నగరాలకు చెందిన 1,084 మంది ఐఎల్‌డీ రోగులను పరిశీలిస్తే దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఇదే. కూలర్ల సంగతి అందులోనూ ప్రముఖంగా వచ్చింది. ఇంటింటా కూలర్ తిరిగే మన ఊళ్లలో ఈ ప్రశ్న అడగని డాక్టర్లు ఇంకా ఉన్నారంటే నాకు బాధగా ఉంటుంది.

ఐఎల్‌డీ అని తెలిస్తే సరిపోదు, అందులో ఏ రకమో తేలాలి. పెద్దమ్మలాంటి వాళ్లకి ముందు కూలర్‌నో పావురాలనో దూరం చేయాలి, వాపు ఉంటే స్టెరాయిడ్ పనిచేయొచ్చు. అదే ఐపీఎఫ్ అనే, కారణం తెలియకుండా మచ్చలు పెరిగిపోయే రకంలో, ఒకప్పుడు మంచిదనుకుని ఇచ్చిన ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్, అజాథియోప్రిన్, ఎన్‌ఏసీ (ఎన్-అసిటైల్‌సిస్టీన్) అనే మూడు మందుల కలయిక మేలు చేయకపోగా మరణాలు పెంచుతోందని 2012లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో బయటపడింది. ఐపీఎఫ్‌కి వాడే పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ వేరే మందులు, మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేస్తాయి గానీ పడిన మచ్చని చెరపలేవు. కీళ్లు వాచే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా లాంటి జబ్బుల వల్ల వచ్చినదైతే వాటిని చూసే రుమటాలజిస్టు కూడా చూడాలి. అందుకే ఐఎల్‌డీలో అనుభవం ఉన్న పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు), ఛాతీ సీటీ బాగా చదవగల రేడియాలజిస్టు, అవసరమైతే రుమటాలజిస్టు కలిసి కూర్చుని నిర్ణయించాలంటారు. హైదరాబాద్‌లో నిమ్స్, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి ఉన్నాయి. కానీ జిల్లాలో ఉన్న మనిషిని అక్కడికి పంపాలని మొదట చూసిన డాక్టరుకి తట్టాలి కదా.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో గాలి ఊదించి చూసే స్పైరోమెట్రీతో పాటు డీఎల్‌సీఓ పరీక్ష అందుబాటులో ఉంచండి, ఆక్సిజన్ రక్తంలోకి ఎంత దిగుతోందో చెప్పేది అదే. పీహెచ్‌సీ డాక్టర్లకి ఈ నడక పరీక్ష సంగతి, వీపు కింద వినాల్సిన చప్పుడు సంగతి శిక్షణలో చెప్పండి. నెలనెలా కొనాల్సిన ఈ మందులకీ, ఇంట్లో వాడే ఆక్సిజన్ మెషిన్‌కీ పేదవాళ్లకి సాయం ఉండాలి, ఆస్పత్రిలో చేరితేనే వైద్యం అనుకుంటే ఈ జబ్బుకి కుదరదు.

పెద్దమ్మ ఇప్పుడు ఇంటి పనులు చేసుకుంటోంది, పాత ఓపిక మాత్రం పూర్తిగా రాలేదు. మచ్చ పడినంత మేర ఇక పోదని డాక్టరు ముందే చెప్పారు. ముందే తెలిసి ఉంటే ఆ మచ్చ ఇంత పడేది కాదేమో అన్న ఆలోచన మాత్రం ఇంట్లో అందరికీ ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. పాత ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ములు పారేయొద్దు. మచ్చ పెరుగుతోందా, ఆగిందా అన్నది పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది, కాబట్టి స్కాన్ సెంటర్‌లో రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా