చిన్నోడికి, ఎన్‌స్కెడె (నెదర్లాండ్స్) నుంచి

చిన్నోడా,

నీ మూడు శాంపిళ్లలోనూ కరెంటు పారలేదని అమ్మ చెప్పింది. పొర వేసే లేజర్‌ని తిట్టేముందు, పొర కింద ఉండే అడుగు పలక చూడు.

అడుగు పలకలోని స్ట్రాన్షియం టైటనేటూ, దానిమీద పొరగా వేసే లాంథనమ్ అల్యూమినేటూ విడిగా కరెంటు పోనివ్వవు. రెండూ అతుక్కున్న చోట పారుతుందని ఒటొమొ, హ్వాంగ్ అనే శాస్త్రవేత్తలు 2004లో చూపించారు. అయితే పలక మీద ఆఖరి పరమాణు వరస టైటానియం ఆక్సైడ్‌దే కావాలి. స్ట్రాన్షియం ఆక్సైడ్ వరసైతే పారదు. అల్యూమినేట్‌లో వరసలు ఒకటి ప్లస్, ఒకటి మైనస్. పేర్చేకొద్దీ వోల్టేజీ పెరిగి, నాలుగో యూనిట్ సెల్‌కి (స్ఫటికంలో పదేపదే వచ్చే అతి చిన్న గడి) ఎలక్ట్రాన్లు అతుకులోకి దిగుతాయి. నువ్వు మూడు సెల్స్‌తో ఆపలేదు కదా? (ఈ లెక్కన చదరపు సెంటీమీటరుకు 3.3 × 10¹⁴ ఎలక్ట్రాన్లు రావాలి, కొలిస్తే చాలాసార్లు అందులో పదో వంతే. సిద్ధాంతాన్ని మరీ నెత్తిన పెట్టుకోకు.)

కొన్న పలకల మీద రెండు వరసలూ కలగలిసి ఉంటాయి. అల్ట్రాసోనిక్‌లో పెట్టి, నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టు. స్ట్రాన్షియం ఆక్సైడ్ హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. తర్వాత బఫర్డ్ హెచ్‌ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం)లో 30 సెకన్లు ఉంచితే అది కరిగిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే గుంటలు పడతాయి. గాజు బీకరు వద్దు, టెఫ్లాన్‌ది వాడు. ఆ ఆమ్లం ఒంటిమీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దగ్గర లేకుండా సీసా మూతే తీయకు. ఆపైన ఆక్సిజన్‌లో 950 డిగ్రీల దగ్గర గంట కాల్చు. ఏఎఫ్ఎమ్‌లో (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి చూసే మైక్రోస్కోపు) 0.39 నానోమీటర్ల మెట్లు కనిపించాలి. 0.2 మెట్టు కనిపిస్తే రెండు వరసలూ మిగిలాయని, మళ్లీ మొదలుపెట్టు. మెట్టు మెట్టుకీ మధ్య 220 నానోమీటర్లుంటే పలక కోత 0.1 డిగ్రీ వాలిందన్నమాట, దానికి కంగారుపడకు.

పొర వేసేటప్పుడు ఆక్సిజన్ 10⁻⁴ మిల్లీబార్ ఉండనీ. 10⁻⁶కి దించితే కరెంటు బ్రహ్మాండంగా పారుతుంది గానీ, అది అతుకుది కాదు: పలకలోంచి ఆక్సిజన్ ఊడిపోయి, పలకంతా తీగలా తయారవుతుంది. చల్లార్చేటప్పుడు కొన్ని వందల మిల్లీబార్ల ఆక్సిజన్ నింపి, 600 డిగ్రీల దగ్గర గంట ఆపు.

పొరలో లాంథనమ్ వంతు అల్యూమినియం కన్నా ఎక్కువైనా పారదు. టార్గెట్ (లేజర్ కొట్టే దిమ్మ) సరిగ్గా ఉన్నంత మాత్రాన పొరలో పాళ్లు అలాగే పడవు.

ఇంకొకటి, నా అనుమానమంతా దీనిమీదే. పైన సిల్వర్ పెయింట్ పూసి కొలిచావా? అది అతుకుదాకా దిగకపోవచ్చు. వైర్ బాండర్‌తో (సన్నని తీగల్ని అతికించే యంత్రం) అల్యూమినియం తీగ గుచ్చు, పొరని చీల్చుకుని లోపలికి అందుతుంది. కొలిచేముందు రాత్రంతా చీకట్లో పెట్టు, వెలుగు తగిలితే టైటనేట్ దానంతటదే కరెంటు పారనిస్తుంది.

పాత శాంపిళ్లు పారెయ్యకు. ముందు వాటికే తీగ గుచ్చి చూసి, రీడింగు రాయి.

అక్క