పల్లె గడప తొక్కని ప్రతిపాదనలు

సంపాదకులు గారికి నమస్కారములు.

మా గజపతి జిల్లా, పక్కనున్న రాయగడ, దాని ఆవల ఉన్న కొరాపుట్ జిల్లాలు 2018లో కేంద్రం ఎంపిక చేసిన ఆకాంక్షిత (అభివృద్ధిలో వెనుకబడిన) జిల్లాల జాబితాలో చేరినప్పటి నుంచి కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల మీద ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు ఆశలు పెట్టుకున్నాయి. ఆ నిధుల కోసం పంపే ప్రతిపాదనలు ఎక్కడ, ఎవరి చేత తయారవుతున్నాయో మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

గుమ్మ బ్లాకులోని ఒక సవర గిరిజన పల్లెకు తాగునీటి పథకం కోరుతూ రాసిన ప్రతిపాదన ఒకటి ఈ మధ్య నా చేతికి వచ్చింది. రెండో పేజీలో మత్స్యకార కుటుంబాల గురించి, ఉప్పుబారిన బోర్ల గురించి ఉంది. గజపతి జిల్లాకు సముద్రతీరమే లేదు! ఎక్కడి కోస్తా గ్రామానికో రాసినదానిలో ఊరి పేరు మార్చి పంపేశారన్నమాట. రాసినది దూరపు నగరంలోని కన్సల్టెంటు; మంజూరైన సొమ్ములో ఇంత శాతం అని ముందే బేరం. నిధుల సేకరణ వృత్తిలో ఉన్నవారి అంతర్జాతీయ సంఘాల నియమావళి ఇటువంటి శాతం కమీషన్‌ను తప్పుపడుతుంది. ఆ వాటాను బడ్జెట్‌లో బాహాటంగా చూపలేరు కనుక పైపుల ఖర్చులోనో, శిక్షణ ఖర్చులోనో సర్దక తప్పదు.

నిజానికి మంచి ప్రతిపాదనకు పాండిత్యం అక్కరలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా వివరాలు, బడుల యూడైస్ లెక్కలు, జల్ జీవన్ మిషన్ కుళాయిల లెక్కలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. అయితే కొండపల్లె సంగతి అంతటితో తేలదు. ఊటబావి ఏ నెలలో ఎండుతుంది, అప్పుడు నీళ్లకు ఎవరు ఎంత దూరం వెళ్తారు, ఇదివరకు పెట్టిన సోలార్ పంపు ఎందుకు మూలపడింది అన్నవి ఊళ్లో కూర్చుని, వీలైతే సవర భాషలోనే, అడిగి తెలుసుకోవాలి. సవరలకు బడులు పెట్టేందుకు వారి భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు పనిచేసిన పర్లాకిమిడిలో ఈ మాట చెప్పవలసి రావడం విచారకరం.

చిన్న సంస్థలను మాత్రమే నిందించి లాభం లేదు. ఆదాయపు పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి కేంద్రం వద్ద సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు, ఆపైన ఇంగ్లిషులో దరఖాస్తు: ఇన్ని ఉంటేగాని కంపెనీ గుమ్మం ఎక్కలేరు. ఊరూరూ తిరిగి వివరాలు సేకరించిన కుర్రవాడి బస్సు చార్జీలు కూడా సంస్థ నెత్తినే పడతాయి, ఎందుకంటే మంజూరుకు ముందు పెట్టిన ఖర్చును దాతలు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

ఇటువంటి ఖర్చును కంపెనీలు భరించడానికి చట్టం అడ్డు కాదు. 2021లో సవరించిన సీఎస్‌ఆర్ నిబంధనలు పరిపాలనా ఖర్చుకు 5 శాతం పరిమితి పెట్టినా, ఒక ప్రాజెక్టు రూపకల్పనకు నేరుగా అయ్యే ఖర్చును ఆ పరిమితిలో చేర్చలేదు. పైగా 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కంపెనీలు తాము పనిచేసే చోటుకు, పరిసరాలకు ప్రాధాన్యం ఇవ్వమంటోంది. కాబట్టి ఈ జిల్లాల్లో గనులు, ఫ్యాక్టరీలు నడిపే కంపెనీలు తొలి దశలో ఒడియాలోనో తెలుగులోనో రెండు పేజీల దరఖాస్తు తీసుకుని, నచ్చినవాటికి గ్రామ అధ్యయనం ఖర్చు ఇచ్చి, ఆ తరువాతే పూర్తి ప్రతిపాదన అడగాలి. శాతం కమీషన్ ఎవరికీ ఇవ్వడం లేదని సంస్థల నుంచి రాతపూర్వక హామీ పుచ్చుకోవాలి. ప్రతిపాదనను పంపే ముందు ఆ ఊరి పల్లిసభలో (ఊరివారందరి సభలో) చదివి వినిపించేలా జిల్లా కలెక్టర్లు ఆదేశాలు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా