పాత నాదం కోసం పాత గిటారే కావాలా? నాష్‌విల్ నుంచి మావయ్యకి ఉత్తరం

నాష్‌విల్, టెన్నెసీ

మావయ్యకి,

నమస్కారాలు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని అమ్మ చెప్పింది, ప్రాణం కుదుటపడింది. సింహాచలం మెట్లెక్కి వస్తానని మొక్కుకుందట కదా, ఈ ఏడాదికి ఘాట్ రోడ్డు మీద బస్సులోనే వెళ్లి రమ్మన్నానని చెప్పు. ఇక్కడ మేమందరం కులాసా.

నువ్వు ఫోన్లో అడిగిన దాని గురించే ఈ ఉత్తరం. "ఆ పాత కంట్రీ రికార్డుల్లో వినపడే నాదం ఇప్పటి పెడల్ స్టీల్ గిటార్లలో పలుకుతుందా? పలకదంటే ఎంతైనా సరే పాతదే వెతికి పట్రా" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదది. నేను కొత్తదే తెస్తాను మావయ్యా. ఎందుకో అంతా రాస్తున్నాను, చదివాక నువ్వే చెప్పు.

ముందు వాయిద్యం సంగతి. తీగ మీద బార్ జార్చి వాయించడం నీ హవాయిన్ గిటార్‌లో ఉన్నదే. బార్ ఇంకాస్త బరువు, తీగలు పది, నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. తేడా అంతా కింద ఉంది. పాదానికి మూడు పెడళ్లు, మోకాళ్లకి అటూ ఇటూ లీవర్లు. ఒక్కొక్కటి రాడ్‌తో కొన్ని తీగల్ని బిగిస్తుంది, లేదా వదులు చేస్తుంది. 'ఈ నైన్త్' (E9) అనే శ్రుతి అమరికలో స గ ప మోగుతుండగా మొదటి రెండు పెడళ్లూ కలిపి తొక్కితే గాంధారం మధ్యమానికి, పంచమం ధైవతానికి పాకుతాయి. షడ్జమం మాత్రం కదలదు. నువ్వు బార్ వాల్చి ఎంతో కష్టపడి తెచ్చే జారు ఇక్కడ ఒక్క తీగకే, పక్క తీగల్ని కదపకుండా వస్తుంది. 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాట ఒకదాంట్లో బడ్ ఐజాక్స్ ఇలా తొక్కి వినిపించగానే స్టీల్ వాయించేవాళ్లందరూ పెడళ్ల వెంట పడ్డారు.

పాత నాదం అని ఇక్కడివాళ్లు దేన్ని అంటారో చెబుతాను. షో-బడ్ అని ఒక గిటార్ల కంపెనీ. 1950ల మధ్యలో షాట్ జాక్సన్, బడ్డీ ఎమన్స్ కలిసి ఈ ఊళ్లోనే మొదలుపెట్టారు. డౌన్‌టౌన్‌లో బ్రాడ్‌వే మీద 416 నంబరులో వాళ్ల దుకాణం ఉండేది. 1963లో ఎమన్స్ బయటికొచ్చి తన పేరుతోనే గిటార్లు చేయించాడు. వాటిని పుష్-పుల్ అంటారు. పది తీగల్లో పైనున్న ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలు చేర్చింది కూడా ఆయనే. 2015లో పోయాడు. ఈ రెండు రకాల గిటార్ల మీద 60లు, 70లలో వాయించిన నాదమే అందరికీ కొలబద్ద.

నువ్వు షిప్‌యార్డులో మెషిన్ షాపు మనిషివి కాబట్టి పుష్-పుల్ అంటే చిటికెలో పట్టేస్తావు. తీగ చివర చుట్టుకుని ఉండే అల్యూమినియం ముక్కని ఫింగర్ అంటారు. పుష్-పుల్‌లో అది ఒకటే ముక్క. స్వరం ఎక్కాలంటే రాడ్ దాన్ని లాగుతుంది, దిగాలంటే తోస్తుంది. ఏ పెడలూ తొక్కనప్పుడు ఫింగర్ వెళ్లి గట్టిగా బాడీకి ఆనుకుంటుంది. ఇప్పటి ఆల్-పుల్ గిటార్లలో ఎక్కడానికీ దిగడానికీ వేరువేరు ముక్కలు, వాటిని స్ప్రింగులు వెనక్కి తెచ్చి నిలబెడతాయి. శ్రుతి సరిచేయడం సులువు, నిలకడ ఎక్కువ. తీగకీ చెక్కకీ మధ్య లోహం ముక్కలు, కీళ్లు పెరిగాయి కాబట్టి నాదం పలచబడిందని పాతకాపులు అంటారు. అందులో కొంత నిజముంది. పుష్-పుల్ మీద ఒక్క తీగ మీటినా మోకాలికి లీవర్ గుండా అదురు తెలుస్తుంది. కానీ ఆ పుష్-పుల్‌ని సర్దడం తెలిసినవాళ్లు ఈ ఊళ్లోనే వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. మల్కాపురంలో అది శ్రుతి తప్పితే నీకెవరు చేస్తారు?

మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర 70ల నాటి షో-బడ్ ఉంది. ఒక శనివారం నా కొత్తదాన్ని ఆయన గరాజ్‌లోకి మోసుకెళ్లి పక్కపక్కన పెట్టాం. ఒకటే ఆంప్ (ఆంప్లిఫయర్), ఒకటే కేబుల్, అవే తీగలు, అదే బార్. ఆయన వాయిస్తుంటే నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. కింది తీగల మీద ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. పైన పదిహేనో ఫ్రెట్ దగ్గర, మూడో తీగ మీద తేలిపోయింది. షో-బడ్‌లో ఆ స్వరం మొదలయ్యే క్షణం ఇత్తడి బిందె అంచుకి గోరు తగిలినట్టుంది. నాది శుభ్రంగా, నున్నగా ఉంది, ఆ అంచు లేదు.

తర్వాత మరో వారం నా గిటార్‌లో పికప్, అంటే తీగ అదురుని కరెంటుగా మార్చే ముక్క, మార్చి మళ్లీ వెళ్లాను. నాది హంబకర్, అంటే రెండు కాయిళ్లది. కరెంటు హోరు ఒకదాంట్లోది ఇంకోదాంట్లోది కొట్టేసుకుని నిశ్శబ్దంగా ఉంటుంది. దాన్ని తీసి పాత పద్ధతిలో చుట్టిన సింగిల్ కాయిల్ వేశాను. రెండు స్క్రూలు, రెండు చోట్ల సోల్డరింగ్, అంతే పని. ఈసారి గోడవైపు తిరిగి వింటే పై తీగల మీద కూడా తడుముకున్నాను. పూర్తిగా ఒకటైపోయాయని అనను. స్వరం సన్నబడుతూ ఆరిపోయే చోట పాతదానిలో ఇంకా ఏదో మిగిలి ఉంటుంది. కానీ దూరం చాలా తగ్గింది, అదీ పికప్ ఒక్కదానితో.

పికప్ కొనేటప్పుడు చుట్టు లెక్క చూడాలి. చుట్లు పెరిగేకొద్దీ శబ్దం బలంగా, మధ్య స్థాయి నిండుగా వస్తుంది, పైనుండే మెరుపు తగ్గుతుంది. ఎంత చుట్టారో తీగ నిరోధాన్ని బట్టి ఓమ్‌లలో చెబుతారు, ఇప్పటి సింగిల్ కాయిళ్లలో కొన్నిటిని 17, 18 కిలో ఓమ్‌ల దాకా చుడతారు. నీకు కావాల్సింది అంతకంటే తక్కువ చుట్టినది. శబ్దం కాస్త చిన్నగా ఉంటుంది, దాన్ని ఆంప్‌లో పెంచుకోవచ్చు. పోయిన మెరుపుని మాత్రం ఆంప్‌లో ఎంత ట్రెబుల్ తిప్పినా తిరిగి తేలేం, గరుకుదనమే వస్తుంది.

సింగిల్ కాయిల్‌కి ఉన్న కష్టం హోరు. అక్కడ 50 హెర్ట్జ్, పైగా మన ఇంట్లో చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, కింద నీళ్ల మోటారు. మోటారు వేసిన ప్రతిసారీ తెలిసిపోతుంది. ట్యూబ్‌లైటు తీసేసి వేరే దీపం పెట్టించు. గిటార్‌ని గదిలో మెల్లగా తిప్పుతూ పోతే ఒక కోణంలో హోరు బాగా తగ్గుతుంది, అక్కడ నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఇక్కడ నేనూ అలాగే చేస్తాను.

ఇంక వాల్యూమ్ పెడల్. స్టీల్ వాయించేవాళ్ల కుడిపాదం ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. సగం తెరిచి మీటి, నాదం సన్నబడుతున్నకొద్దీ పాదం వంచుతూ పోతే స్వరం ఆరకుండా నిలబడుతుంది. పాతవాటిలో ఉన్నది మామూలు 500 కిలో ఓమ్‌ల పాట్, అంటే రేడియో వాల్యూమ్ గుండీ కింద ఉండేలాంటిది. అది పికప్ మీద బరువు వేసి పైభాగాన్ని కొంచెం మెత్తబరుస్తుంది. ఇప్పటివాటిలో బఫర్ సర్క్యూట్ ఉండి, ఏ స్థాయిలోనైనా మెరుపు తగ్గకుండా చూస్తుంది. సాంకేతికంగా మంచిదే. మనకి కావాల్సిన చెవిమెత్తన మాత్రం పాత పాట్‌లోనే ఉంది. అది అరిగిపోతే గరగరమంటుంది, అందుకని రెండు పాట్లు అదనంగా తెస్తాను.

ఆంప్ గురించి పెద్దగా చెప్పను. ఆ రోజుల్లో ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి వాల్వుల ఆంప్‌కి 15 అంగుళాల జేబీఎల్ స్పీకర్ పెట్టుకునేవారు. దాన్ని మోసుకురావడం నా వల్ల కాదు, ఇక్కడి 120 వోల్టులదాన్ని అక్కడ 230లో పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెస్తే దాని హోరు ఇంకొకటి. 230కి నేరుగా పనిచేసే తేలికపాటి ఆంప్ చూస్తున్నాను, వెనక ప్లేటు చదివాకే డబ్బు కడతాను. స్పీకర్ మాత్రం 15 అంగుళాలదే ఉండాలి, పెట్టె అక్కడ కార్పెంటర్ చేత చేయిద్దాం.

మావయ్యా, వీటన్నిటికంటే నాకు ముఖ్యమనిపించింది శ్రుతి. ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎలక్ట్రానిక్ ట్యూనర్ పెట్టి పది తీగల్నీ సున్నా దగ్గర నిలబెడతారు. అలా చేస్తే గాంధారం షడ్జమానికి 400 సెంట్ల పైన ఉంటుంది (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు). సహజంగా షడ్జమంతో కలిసే గాంధారం 386. ఆ 14 సెంట్ల వల్లే మూడు తీగలు కలిపి మీటినప్పుడు లోపల అలలు కొట్టుకుంటాయి, ఎంత మంచి గిటారైనా రేకు డబ్బాలా పలుకుతుంది. పాత రికార్డుల కాలంలో ఇలా అందరి చేతుల్లో ట్యూనర్లు ఎక్కడివి? చెవితో అలలు ఆగేదాకా గాంధారాన్ని దించుకునేవారు. ఇప్పటికీ అనుభవమున్నవాళ్లు చేసేది అదే. చిన్నప్పుడు మేడ మీద గదిలో నన్ను తంబురా ముందు కూర్చోబెట్టి, మంద్ర షడ్జమం తీగలోంచి అంతర గాంధారం దానంతటదే వినపడేదాకా లేవనివ్వలేదు నువ్వు. ఇక్కడికొచ్చాక నేను వేరే నేర్చుకోనక్కర్లేకుండా పోయింది. నా కొత్త గిటార్‌ని అలా శ్రుతి చేసిన రోజున ఆ పెద్దాయన "పికప్ మళ్లీ మార్చావా" అని అడిగారు.

కుడిచెయ్యి కూడా అంతే. బ్రిడ్జికి దగ్గరగా మీటితే పదును, రెండంగుళాలు ఎడమకి జరిగితే గుండ్రదనం. మీటిన వెంటనే అరచేతి అంచు ఆనించి తీగని ఆపాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి మోగి గోలవుతుంది. లాయిడ్ గ్రీన్ వాయించినది వింటే ప్రతి రెండు స్వరాల మధ్యా ఉండే ఆ చిన్న ఖాళీ తెలుస్తుంది. దాన్ని చాలామంది గిటార్ గొప్పతనమనుకుంటారు, అది పూర్తిగా చేతిది. నీకు హవాయిన్ గిటార్ మీద అలవాటే.

ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకో. రికార్డులో మనం విన్నది ఒట్టి గిటార్ కాదు. వాల్వుల మైకు ప్రీఆంప్, టేపు, స్టూడియో ఎకో గది, ఇవన్నీ దాటి వచ్చిన నాదం. ఆర్‌సీఏ రికార్డుల కంపెనీ వాళ్ల స్టూడియో బి 1957లో కట్టినది, ఇప్పుడు మ్యూజియం వాళ్లు చూపిస్తారు. లోపల నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. పాత గిటార్ కొన్నంత మాత్రాన ఆ గది నీ ఇంటికి రాదు.

నువ్వు ఉండేది సముద్రానికి అంత దగ్గర. కిటికీ ఊచలకి ఏటా రంగు వేసినా తుప్పు ఆగదు. పాత మోడళ్లు కొన్నిటిలో జింకు పోత ముక్కలున్నాయి, అవి వయసుకి పగుళ్లిస్తాయి, దొరకవు. కొత్తవాటిలో షాఫ్టులు స్టెయిన్‌లెస్, మిగతావి బిల్లెట్ అల్యూమినియం. ఏదైనా అరిగితే గాజువాకలో లేత్ ఉన్నవాడి దగ్గర నువ్వే దగ్గరుండి తిప్పించగలవు. తీగలు మాత్రం నికెల్‌వి తెస్తాను, స్టెయిన్‌లెస్‌వి తుప్పు పట్టవు గానీ మరీ మెరుపు, కాస్త చలవగా పలకాలంటే నికెలే. మూడో తీగ 0.011 అంగుళం, పెడల్ ప్రతిసారీ దాన్ని సాగదీస్తుంది కాబట్టి ఎక్కువగా తెగేది అదే. దాన్ని విడిగా డజను పట్టుకొస్తాను. వాయించాక బార్‌నీ తీగల్నీ పొడిగుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచి వేసి మూసెయ్యి.

కాబట్టి నా లెక్క ఇది. ఒకే నెక్ (అంటే ఒకే తీగల వరస) ఉన్న కొత్త గిటార్, తక్కువ చుట్టిన సింగిల్ కాయిల్, పాత రకం వాల్యూమ్ పెడల్. తేలికపాటిదైతే పెట్టెతో కలిపి విమానంలో 23 కిలోల లోపు తేవచ్చు. పాత పుష్-పుల్ రెండు నెక్‌లదైతే ఆ బరువులో రానే రాదు.

నువ్వు తేల్చాల్సినవి రెండు. నెక్ 'ఈ నైన్త్' శ్రుతిదా, 'సీ సిక్స్త్' (C6) శ్రుతిదా? నీ హవాయిన్ పాటలకి సీ సిక్స్త్ దగ్గర. కానీ నువ్వు అడిగిన ఆ రికార్డుల నాదం ఎక్కువగా 'ఈ నైన్త్'దే, నేనైతే అదే తీసుకోమంటాను. రెండోది, మేడ మీద గదిలో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరు పెట్టి చూడమను. ఎర్త్ లేకుండా సింగిల్ కాయిల్ పెడితే హోరు తగ్గదు, తీగ ముట్టుకుంటే జివ్వుమంటుంది కూడా. ఈ రెండూ తొందరగా చెప్పు. ఆర్డరిచ్చాక గిటార్ చేతికి రావడానికి నెలలు పడుతుంది, సంక్రాంతికి వచ్చేటప్పుడు తేవాలంటే నేను ఇప్పుడే డబ్బు కట్టాలి.

అత్తయ్యకి నా నమస్కారాలు.

నీ మేనకోడలు,
బుజ్జి